బటన్ స్థితులు, టైటిళ్లు: మొబైల్ యాప్ ప్రోగ్రామింగ్‌లో

మొబైల్ యాప్‌లో బటన్ మీద కనిపించే మాటను టైటిల్ అంటారు. బటన్ ఎప్పుడూ ఒకే స్థితిలో ఉండదు. కాసేపు మామూలుగా ఉంటుంది, వేలు ఆనినప్పుడు నొక్కి ఉన్నట్టు మారుతుంది, కొన్నిసార్లు ఎంపికై ఉంటుంది, మరికొన్నిసార్లు నొక్కినా పలకకుండా ఆగి ఉంటుంది. ఏ స్థితిలో ఏ మాట కనిపించాలో ప్రోగ్రామర్ ముందే బటన్‌కు చెప్పి ఉంచే పద్ధతి ఐఫోన్, ఐప్యాడ్ యాప్‌లకు ఆధారమైన ఆపిల్ వారి యూఐకిట్‌లో మొదటి నుంచీ ఉంది. ఆ పని చేసే మెథడ్ పేరు సెట్‌టైటిల్. దానికి రెండు విషయాలు అందించాలి: చూపవలసిన మాట, ఆ మాట ఏ స్థితికి చెందుతుందన్న సమాచారం.

చూడటానికి ఇది చిన్న సంగతే. కానీ ఫోన్‌లో డబ్బు పంపేవారికి, టికెట్ కొనేవారికి యాప్ ఏం చేస్తోందో చెప్పేది బటన్ మీది మాటే. "చెల్లించండి" అన్న బటన్ నొక్కాక కూడా అదే మాట, అదే రంగులో ఉండిపోతే చాలామంది రెండోసారి నొక్కుతారు. నొక్కగానే "చెల్లింపు జరుగుతోంది" అని మారి, మరో నొక్కును తీసుకోకుండా ఆగే బటన్ ఆ అయోమయాన్ని తెరమీదే తీరుస్తుంది. అందుకే స్థితికి తగిన టైటిల్ పెట్టడం యాప్ నిర్మాణంలో తొలి పాఠాల్లో ఒకటి.

నేపథ్యం

ఒకే బటన్‌కు ఒకటికి మించిన మాటలు ఇవ్వడం ఫోన్లతో మొదలు కాలేదు. నెక్స్ట్ సంస్థ 1989లో విడుదల చేసిన నెక్స్ట్‌స్టెప్ వ్యవస్థ వారసత్వంతో మాక్ కంప్యూటర్లకు యాప్‌కిట్ వచ్చింది. అందులోని ఎన్ఎస్‌బటన్‌కు టైటిల్, ఆల్టర్నేట్ టైటిల్ అని రెండు మాటలు పెట్టుకోవచ్చు. ఫోన్‌కు వచ్చేసరికి రెండు మాటలు సరిపోలేదు. వేలే సాధనమైన చోట తాకిడి, ఎంపిక, నిలిపివేత అన్నీ వేర్వేరుగా కనిపించాలి.

ఐఫోన్‌కు బయటి ప్రోగ్రామర్లు యాప్‌లు రాయడానికి వీలిచ్చే ఎస్‌డీకేను ఆపిల్ 2008 మార్చిలో ప్రకటించింది. ఆ ఏడాది జులైలో యాప్ స్టోర్ తెరుచుకుంది. అప్పటికే యూఐబటన్, దాని సెట్‌టైటిల్ మెథడ్ ఉన్నాయి. మొదట్లో వీటిని ఆబ్జెక్టివ్ సీ భాషలో వాడేవారు. 2014లో స్విఫ్ట్ భాష వచ్చింది. 2016లో వచ్చిన స్విఫ్ట్ 3లో మెథడ్ పేరు రాసే తీరు క్లుప్తమైంది. పేరు మారినా లోపలి పద్ధతి మారలేదు.

స్థితులు, వాటి విలువలు

యూఐకిట్‌లో స్థితి అనేది బటన్ సొంత ఆస్తి కాదు. బటన్‌కు మాతృక అయిన యూఐకంట్రోల్ నుంచి అది వస్తుంది. స్విచ్, స్లైడర్, టెక్స్ట్ ఫీల్డ్ కూడా ఆ కుటుంబంలోవే. స్థితులు అన్నింటికీ ఉన్నా, స్థితికొక టైటిల్ పెట్టుకునే వీలు యూఐబటన్‌కే ఉంది. సెగ్మెంటెడ్ కంట్రోల్‌లో స్థితినిబట్టి అక్షరాల రంగు, ఫాంట్ మార్చవచ్చు కానీ మాట మార్చే వీలు లేదు.

ముఖ్యమైన స్థితులు ఐదు. నార్మల్ విలువ 0. హైలైటెడ్ విలువ 1, డిజేబుల్డ్ 2, సెలెక్టెడ్ 4, ఫోకస్డ్ 8. ఫోకస్డ్ 2015లో ఐఓఎస్ 9తో వచ్చింది. రిమోట్‌తో నడిచే ఆపిల్ టీవీ లాంటి చోట్ల ప్రస్తుతం దేనిమీద దృష్టి ఉందో చూపడానికి అది అవసరం.

ఈ విలువలు 1, 2, 4, 8 అని రెట్టింపవుతూ పోవడానికి కారణం ఉంది. ఒక్కో స్థితి ఒక్కో బిట్. గోడమీది స్విచ్‌బోర్డులో ఫ్యాను, లైటు స్విచ్‌లు దేనికది వేసుకోగలిగినట్టే ఈ బిట్లు కూడా విడివిడిగానూ, కలిసీ వెలుగుతాయి. నార్మల్ అంటే ఏ స్విచ్చూ వేయకపోవడం. అందుకే దాని విలువ 0.

ఈ స్థితులు మారే తీరు ఒకేలా ఉండదు. హైలైటెడ్‌ను వ్యవస్థే చూసుకుంటుంది. వేలు బటన్ మీద ఆనగానే వస్తుంది, వేలు తీసినా, బటన్ హద్దు దాటి దూరంగా జరిపినా పోతుంది. డిజేబుల్డ్ స్థితిని ప్రోగ్రామర్ ఈజ్‌ఎనేబుల్డ్ అన్న ప్రాపర్టీని మార్చి తెప్పించాలి. సెలెక్టెడ్ కూడా అంతే. మామూలు బటన్‌ను నొక్కినంత మాత్రాన అది ఎంపికైన స్థితికి వెళ్లదు, నొక్కినప్పుడు నడిచే కోడ్‌లో ప్రోగ్రామరే ఈజ్‌సెలెక్టెడ్‌ను తిప్పాలి. 2021లో వచ్చిన ఐఓఎస్ 15 నుంచి మాత్రం నొక్కిన ప్రతిసారీ ఎంపిక దానంతటదే మారేలా బటన్‌ను అమర్చుకునే వీలు కలిగింది. స్టేట్ అన్న ప్రాపర్టీ వీటన్నిటి మొత్తాన్ని చూపుతుంది. దాన్ని చదవగలమే తప్ప నేరుగా రాయలేం.

టైటిల్‌ను ఎంచుకునే తీరు

స్థితి మారినప్పుడల్లా బటన్ తన దగ్గరున్న టైటిళ్లలో ఆ స్థితికి సరిగ్గా సరిపోయేది ఉందా అని చూస్తుంది. ఉంటే దాన్ని చూపిస్తుంది. లేకపోతే నార్మల్‌కు ఇచ్చిన టైటిల్‌నే వాడుకుంటుంది. కాబట్టి నార్మల్ టైటిల్ పెట్టడం తప్పనిసరి అనుకోవాలి. మిగతా స్థితులకు వేరే మాట అవసరమైతేనే ఇవ్వాలి.

టైటిల్‌కున్న ఈ నియమమే టైటిల్ రంగు, నీడ, బొమ్మ, వెనకాల పరిచే బొమ్మలకూ వర్తిస్తుంది. ఒక్కోదానికి ఒక్కో సెట్ మెథడ్ ఉంది. రంగులు, ఫాంట్లు కలిపిన ఆట్రిబ్యూటెడ్ టైటిల్ పెట్టే వీలు ఐఓఎస్ 6తో వచ్చింది. ఒకే స్థితికి మామూలు టైటిల్, ఆట్రిబ్యూటెడ్ టైటిల్ రెండూ ఇస్తే బటన్ రెండోదాన్నే చూపిస్తుంది. ఒకసారి ఆట్రిబ్యూటెడ్ టైటిల్ పెట్టి, తర్వాత మామూలు టైటిల్ మారుస్తూ తెరమీద ఏమీ మారడం లేదని తల పట్టుకునేవారికి కారణం ఇదే.

కోడ్ రాయకుండా, యాప్‌లు తయారుచేసే ఆపిల్ సాధనం ఎక్స్‌కోడ్‌లోని ఇంటర్‌ఫేస్ బిల్డర్‌లోనూ ఈ పని చేయవచ్చు. బటన్ వివరాల పట్టీలో స్థితిని ఎంచుకునే మెనూ ఉంటుంది. అందులో ఒక్కో స్థితిని ఎంచుకుని దాని మాట, రంగు నింపితే చాలు.

కలిసి వచ్చే స్థితులు

కొత్తగా నేర్చుకునేవారు ఎక్కువగా తడబడేది ఇక్కడే. పాటల యాప్‌లో ఒక బటన్‌కు నార్మల్ టైటిల్ "వినండి", సెలెక్టెడ్ టైటిల్ "ఆపండి" అని పెట్టామనుకుందాం. పాట మోగుతోంది, బటన్ ఎంపికై ఉంది, తెరమీద "ఆపండి" అని ఉంది. ఆపడానికి వేలు ఆనించగానే, వేలు తీసేదాకా "వినండి" అని కనబడుతుంది. దీన్ని చాలామంది యూఐకిట్ లోపం అనుకుంటారు.

నిజానికి అప్పుడు బటన్ సెలెక్టెడ్, హైలైటెడ్ రెండు స్థితుల్లోనూ ఉంది. విలువ 4కు 1 కలిపి 5. ఆ 5కు ప్రత్యేకంగా టైటిల్ ఇవ్వలేదు. బటన్ దగ్గరగా ఉన్న సెలెక్టెడ్ టైటిల్ కోసం వెతకదు, నేరుగా నార్మల్‌కు వెళ్తుంది. పరిష్కారం సులువే: సెలెక్టెడ్, హైలైటెడ్ రెండూ కలిపిన స్థితికి కూడా "ఆపండి" అని మరోసారి సెట్‌టైటిల్ పిలవాలి. ఎంపికై ఉండగానే బటన్‌ను నిలిపివేసే అవకాశం ఉంటే సెలెక్టెడ్, డిజేబుల్డ్ కలిసిన 6కు కూడా ఇవ్వాలి.

బిట్ల లెక్కతో వచ్చే మరో చిక్కు ఉంది. స్టేట్‌లో నార్మల్ ఉందా అని కంటైన్స్‌తో అడిగితే జవాబు ఎప్పుడూ అవుననే వస్తుంది. సున్నా అన్నది ఖాళీ సమితి, ఖాళీ సమితి ప్రతి సమితిలోనూ ఉంటుంది. నార్మల్‌ను గుర్తించాలంటే సమానమా కాదా అనే చూడాలి.

ఒక ఉదాహరణ: ఓటీపీ బటన్

మన దేశంలో ఫోన్ వాడే ప్రతి ఒక్కరికీ తెలిసిన బటన్ "ఓటీపీ మళ్లీ పంపండి" అన్నది. ఒకసారి నొక్కాక కొన్ని సెకన్లు అది పనిచేయదు. ఎంత సమయం మిగిలిందో చెబుతూ అంకె తగ్గుతుంది. ఈ పద్ధతికి ఇంతకంటే చక్కని ఉదాహరణ దొరకదు.

నార్మల్ స్థితికి "ఓటీపీ మళ్లీ పంపండి" అని ఒక్కసారి ఇస్తే చాలు. బటన్ నొక్కగానే ఈజ్‌ఎనేబుల్డ్‌ను ఫాల్స్ చేయాలి. టైమర్ ప్రతి సెకనుకూ డిజేబుల్డ్ స్థితి టైటిల్‌ను మాత్రమే మారుస్తుంది: "30 సెకన్లు ఆగండి", "29 సెకన్లు ఆగండి" అంటూ. గడువు తీరాక ఈజ్‌ఎనేబుల్డ్‌ను ట్రూ చేస్తే పాత మాట దానంతటదే తిరిగి వస్తుంది. మొదటి మాటను ఎక్కడా దాచుకోనక్కర్లేదు, తిరిగి పెట్టడం మరిచిపోయే ప్రమాదమూ లేదు.

ఇదే పని చేస్తుంటే రెండు చిన్న ఇబ్బందులు కనిపిస్తాయి. సిస్టమ్ రకం బటన్ టైటిల్ మార్చినప్పుడల్లా పాత మాటను మసకబార్చి కొత్తదాన్ని తెస్తుంది. ప్రతి సెకనుకూ ఇలా జరిగితే అంకె రెపరెపలాడుతుంది. యూఐవ్యూలోని పర్‌ఫార్మ్ వితౌట్ యానిమేషన్ లోపల టైటిల్ మార్చి, అక్కడే లేఅవుట్ ఇఫ్ నీడెడ్ పిలిస్తే ఆ రెపరెప ఆగుతుంది. కస్టమ్ రకం బటన్ వాడినా సరిపోతుంది. రెండోది అంకెల వెడల్పు. 1 సన్నగా, 8 వెడల్పుగా ఉండే ఫాంట్‌లో సెకను మారినప్పుడల్లా వాక్యం అటూ ఇటూ కదులుతుంది. అంకెలన్నీ ఒకే వెడల్పుతో ఉండే సిస్టమ్ ఫాంట్ రూపాన్ని ఐఓఎస్ 9 నుంచి వాడుకోవచ్చు.

తరచూ ఎదురయ్యే చిక్కులు

అన్నిటికంటే ఎక్కువగా కనిపించే పొరపాటు సెట్‌టైటిల్‌ను పక్కనపెట్టి, టైటిల్‌లేబుల్‌లోని టెక్స్ట్‌ను నేరుగా మార్చడం. మాట ఒక క్షణం మారినట్టే కనిపిస్తుంది. తర్వాత స్థితి మారగానే బటన్ తన జాబితాలోని టైటిల్‌ను మళ్లీ తెచ్చి లేబుల్ మీద రాసేస్తుంది. లేబుల్‌ను ఫాంట్, వరుసల సంఖ్య వంటి వాటికే ముట్టుకోవాలి, మాటను మాత్రం బటన్‌కే చెప్పాలి.

కస్టమ్ రకం బటన్‌ను కోడ్‌లో తయారుచేసి టైటిల్ పెట్టినా ఏమీ కనిపించడం లేదంటే చాలాసార్లు కారణం రంగే. దాని అక్షరాల తొలి రంగు తెలుపు. తెల్ల నేపథ్యం మీద తెల్ల అక్షరాలు కనబడవు. నార్మల్ స్థితికి టైటిల్ రంగు ఇవ్వగానే సమస్య తీరుతుంది.

ఒక స్థితి టైటిల్‌ను తీసేయాలంటే నిల్ ఇవ్వాలి. ఖాళీ స్ట్రింగ్ ఇస్తే "ఈ స్థితిలో ఏ మాటా వద్దు" అని అర్థం, బటన్ ఖాళీగా కనిపిస్తుంది. పొడవైన టైటిల్ పట్టకపోతే యూఐబటన్ దాని మధ్యభాగాన్ని చుక్కలతో మింగేస్తుంది. క్రియ చివర్లో ఉండే మన వాక్యాలకు నడుమ మాట పోయినా అర్థం చెడుతుంది కాబట్టి అన్ని స్థితుల్లోకీ పొడవైన టైటిల్‌ను పెట్టి బటన్ వెడల్పు సరిచూసుకోవాలి.

యాప్‌ను ఆటోమేటిక్‌గా పరీక్షించే కోడ్ బటన్‌ను దాని టైటిల్‌తో వెతికితే, స్థితి మారగానే పరీక్ష విఫలమవుతుంది. మారని గుర్తింపు కోసం యాక్సెసిబిలిటీ ఐడెంటిఫైయర్ పెట్టుకోవడం పద్ధతి.

సొంత స్థితులు

సిద్ధంగా ఉన్న స్థితులు చాలనప్పుడు ప్రోగ్రామర్ తన స్థితిని చేర్చుకోవచ్చు. యూఐకంట్రోల్ విలువల్లో 16వ బిట్ నుంచి 23వ బిట్ వరకు ఎనిమిది బిట్లను ఆపిల్ యాప్‌ల కోసమే వదిలిపెట్టింది. ఉదాహరణకు లోడింగ్ అన్న స్థితికి 16వ బిట్‌ను కేటాయించి, యూఐబటన్ నుంచి పుట్టిన కొత్త క్లాస్‌లో స్టేట్ ప్రాపర్టీని ఓవర్‌రైడ్ చేసి ఆ బిట్‌ను కలపాలి. విలువ మారినప్పుడు బటన్‌ను తిరిగి అమర్చుకోమని చెప్పాలి. అప్పుడు "దయచేసి ఆగండి" అన్న టైటిల్‌ను ఆ స్థితికి సెట్‌టైటిల్‌తోనే ఇవ్వవచ్చు. వాటికి పైనున్న మరో ఎనిమిది బిట్లు ఆపిల్ సొంత అవసరాలకు, వాటిని ముట్టకూడదు.

2021 తర్వాత: కాన్ఫిగరేషన్

ఐఓఎస్ 15లో బటన్ తీరును ఆపిల్ విస్తరించింది. యూఐబటన్ కాన్ఫిగరేషన్ అన్న కొత్త రూపంలో ప్లెయిన్, గ్రే, టింటెడ్, ఫిల్డ్ అనే సిద్ధ శైలులు వచ్చాయి. టైటిల్‌తో పాటు ఉపశీర్షిక, బొమ్మ, గిరగిర తిరిగే లోడింగ్ గుర్తు అన్నీ ఒకే చోట చెప్పవచ్చు. బటన్ అంచుల ఖాళీలను సర్దే పాత ప్రాపర్టీలు అప్పటితో వాడుక నుంచి తొలగించదగినవిగా ప్రకటితమయ్యాయి.

స్థితికొక టైటిల్ ముందే రాసిపెట్టే బదులు ఇక్కడ అప్‌డేట్ హ్యాండ్లర్ అనే క్లోజర్ ఇస్తారు. స్థితి మారిన ప్రతిసారీ అది నడుస్తుంది. అందులో బటన్ ఎంపికై ఉందా, ఆగి ఉందా, నొక్కి ఉందా చూసి టైటిల్ నిర్ణయించవచ్చు. కలిసి వచ్చిన స్థితులకు విడివిడిగా రాయాల్సిన పని తప్పుతుంది. కార్టులోని వస్తువుల సంఖ్యలా బయటి సమాచారం మారినప్పుడు మాత్రం సెట్ నీడ్స్ అప్‌డేట్ కాన్ఫిగరేషన్‌ను పిలిచి బటన్‌కు తెలియజేయాలి. ఒకే బటన్‌కు పాత పద్ధతి, కొత్త పద్ధతి కలగలిపితే ఏ మాట ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవడం కష్టం. ఏదో ఒకటి ఎంచుకుని దానికే కట్టుబడటం మేలు.

ఇతర వేదికలు

ఆండ్రాయిడ్‌లో బటన్ అనేది టెక్స్ట్‌వ్యూ నుంచి పుట్టింది. దానికి ఒకే టెక్స్ట్ ఉంటుంది. స్థితినిబట్టి రంగు, నేపథ్యం మార్చడానికి సెలెక్టర్ అనే ఎక్స్ఎంఎల్ జాబితా రాస్తారు. వ్యవస్థ ఆ జాబితాను పైనుంచి కిందికి చదివి, సరిపోయిన మొదటి వరుస దగ్గర ఆగుతుంది. షరతు లేని వరుసను పైన పెడితే కిందివాటికి వంతే రాదు, కాబట్టి దాన్ని చివరన ఉంచాలి. మాట మారాలంటే ఆన్‌కు ఒక టెక్స్ట్, ఆఫ్‌కు ఒక టెక్స్ట్ ఉండే టోగుల్ బటన్ వాడాలి, లేదా కోడ్‌లో సెట్‌టెక్స్ట్ పిలవాలి.

2019లో వచ్చిన స్విఫ్ట్‌యూఐ, 2021లో స్థిరరూపం పొందిన ఆండ్రాయిడ్ జెట్‌ప్యాక్ కంపోజ్, గూగుల్ వారి ఫ్లటర్, మెటా వారి రియాక్ట్ నేటివ్ మరో దారి పట్టాయి. వీటిలో బటన్‌కు టైటిళ్ల జాబితా ఉండదు. యాప్ సమాచారం మారితే తెరను మళ్లీ వర్ణిస్తారు, ఆ వర్ణనలో ఆ క్షణానికి తగిన మాట ఉంటుంది. ఫ్లటర్‌లో ఆన్‌ప్రెస్డ్‌కు నల్ ఇస్తే బటన్ డిజేబుల్ అవుతుంది. రియాక్ట్ నేటివ్‌లోని ప్రెసబుల్, నొక్కి ఉందో లేదో లోపలి భాగానికి తెలియజేస్తుంది. దారులు వేరైనా ఉద్దేశం ఒకటే: మాటను చేత్తో మార్చకుండా స్థితి నుంచి రాబట్టడం.

చూపు లేనివారికి, చూపు తక్కువవారికి

వాయిస్‌ఓవర్ వంటి తెర చదివే సాధనాలు బటన్ టైటిల్‌నే పైకి చదువుతాయి. ఎంపికై ఉంటే ఆ సంగతి, పనిచేయకపోతే ఆ సంగతి కూడా చెబుతాయి. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. "మ్యూట్" అన్న బటన్ ఎంపికైనప్పుడు టైటిల్ "అన్‌మ్యూట్"గా మారితే, వినేవారికి "ఎంపికైంది, అన్‌మ్యూట్" అని వినిపిస్తుంది. మైకు ఆగి ఉందా, తెరిచి ఉందా? చెప్పలేం. టైటిల్ మారాలి, లేదా ఎంపిక స్థితి మారాలి. వినేవారి ముందు రెండూ ఒకేసారి మారకూడదు.

రంగు ఒక్కటే తేడా కాకూడదని, మామూలు అక్షరాలకు నేపథ్యంతో కనీసం 4.5కు 1 నిష్పత్తిలో తేడా ఉండాలని వెబ్ యాక్సెసిబిలిటీ మార్గదర్శకాలు చెబుతాయి. పనిచేయని బటన్‌కు ఆ నిష్పత్తి నుంచి మినహాయింపు ఉంది. మినహాయింపు ఉంది కదా అని "30 సెకన్లు ఆగండి" లాంటి సమాచారాన్ని చదవలేనంత లేత బూడిద రంగులో రాయడం అన్యాయం. రంగే కాదు, బటన్ ఆకారమూ ముఖ్యమే. 2013లో ఐఓఎస్ 7 బటన్ల అంచులు తీసేసి మాటనే మిగిల్చింది. ఆ మరుసటి ఏడాది 7.1లో బటన్ ఆకారాలను తిరిగి చూపే సెట్టింగును ఆపిల్ చేర్చవలసి వచ్చింది.

తెలుగు టైటిళ్లు

తెలుగులో యాప్ చేసేవారు టైటిళ్లను కోడ్‌లో నేరుగా రాయకుండా భాషల వారీ ఫైళ్లలో ఉంచాలి. ఎక్స్‌కోడ్ 15 నుంచి ఇందుకు స్ట్రింగ్ కేటలాగ్ ఉంది. ప్రతి స్థితికీ పూర్తి మాటను విడిగా ఇవ్వాలి. "పంపండి", "పంపుతున్నాం", "పంపాం" అన్న మూడింటినీ ముక్కలు అతికించి పుట్టించే ప్రయత్నం తెలుగులో నిలవదు. వత్తులు కిందికి, గుడులు పైకి సాగుతాయి కాబట్టి ఇంగ్లీషు అక్షరాలకు సరిపోయిన ఎత్తులో తెలుగు టైటిల్ అంచులు తెగిపోవచ్చు. ఆండ్రాయిడ్ మెటీరియల్ బటన్లు టైటిల్‌ను పెద్దబడి అక్షరాల్లో చూపి ప్రత్యేకంగా నిలబెట్టేవి. తెలుగుకు ఆ భేదం లేదు గనుక మందమైన ఫాంట్, స్పష్టమైన రంగు ఆ పని చేయాలి.

అక్షరాలను తెరకెక్కించే వ్యవస్థకు తెలుగు ఎంత కీలకమైన పరీక్షో 2018 ఫిబ్రవరిలో లోకమంతటికీ తెలిసింది. ఐఓఎస్ 11లో ఒక తెలుగు సంయుక్తాక్షరం కనిపించగానే చాలా యాప్‌లు మూతపడ్డాయి. అదే నెల 19న వచ్చిన ఐఓఎస్ 11.2.6లో ఆపిల్ దాన్ని సరిచేసింది. తెలుగు టైటిళ్లను నిజమైన ఫోన్‌లో, ప్రతి స్థితిలోనూ చూసి తీరాలన్న మాటకు ఇంతకు మించిన సాక్ష్యం అక్కర్లేదు.

పాటించవలసినవి

నార్మల్ టైటిల్ ఎప్పుడూ ఇవ్వాలి. సెలెక్టెడ్‌కు టైటిల్ ఇస్తే, సెలెక్టెడ్ హైలైటెడ్‌కూ ఇవ్వాలి. మాట మార్చాలనిపించినప్పుడల్లా ముందు స్థితిని మార్చి చూడాలి, మాట దాని వెంట వస్తుంది. నొక్కితే ఏమవుతుందో, లేదా ఇప్పుడు ఏం జరుగుతోందో, ఈ రెండింటిలో టైటిల్ దేన్ని చెబుతోందన్నది యాప్ అంతటా ఒకేలా ఉండాలి. ఈ నాలుగూ పాటించిన యాప్‌లో బటన్ మీది మాట, బటన్ చేసే పని ఎప్పుడూ వేరు కావు. ఆ యాప్‌ను నమ్మి వేలు ఆనించే మనిషికి దక్కవలసిన కనీస గౌరవం అదే.